తెర మీద మాల్‌ఫంక్షన్ 54

1986 మార్చి 21, శుక్రవారం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, టైలర్ పట్టణం. ఇవాళ తెలుగువాళ్లు వేలల్లో కాపురముంటున్న డల్లాస్‌కి తూర్పున సుమారు 150 కిలోమీటర్లు. మీరు ఈస్ట్ టెక్సాస్ క్యాన్సర్ సెంటర్‌లో, రేడియేషన్ ఇచ్చే గది బయట, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ వెనక నిలబడి ఉన్నారు. ఆమె వేళ్ల మీద ఒక కన్ను, తెర మీద ఒక కన్ను వేసి ఉంచండి.

లోపల బల్ల మీద ఒకాయన బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీది కణితిని ఆపరేషన్ చేసి తీసేశారు. అది మళ్లీ తలెత్తకుండా రేడియేషన్ ఇస్తున్నారు. ఆరున్నర వారాల్లో మొత్తం 6000 రాడ్లు (రేడియేషన్ డోసుని కొలిచే ప్రమాణం) ఇవ్వాలి, ఇవాళ్టి వంతు 180. ఇది తొమ్మిదోసారి కాబట్టి ఆయనకి భయం లేదు. ఆమెకీ కొత్త కాదు. థెరాక్-25 అనే ఈ యంత్రం మీద రెండేళ్లలో ఈ ఆసుపత్రి ఐదు వందల మందికి పైగా చికిత్స చేసింది.

ఆయన్ని సరిగ్గా పడుకోబెట్టి, యంత్రాన్ని ఆయన వీపు మీదికి గురిపెట్టి, ఆమె బయటికొచ్చి తలుపు మూసింది. రేడియేషన్ బయటికి రాకుండా కట్టిన గది అది. లోపలి మనిషి కనిపించడానికి వీడియో తెర, మాట వినిపించడానికి ఇంటర్‌కామ్ ఉండాలి. ఇవాళ వీడియో తెర ప్లగ్ పీకేసి ఉంది, ఇంటర్‌కామ్ పాడైపోయింది. ఇక ఆ గదిలో ఏం జరుగుతోందో ఆమెకి చెప్పగలిగింది ఒక్కటే: ఎదురుగా ఉన్న వీటీ-100 టెర్మినల్.

తెర మీద నిలువు వరసలు చూడండి. రోగి పేరు, బీమ్ రకం, ఎనర్జీ, డోసు, యంత్రం కోణాలు. ఒక వరసలో గదిలో యంత్రం మీద అమర్చిన విలువలు, పక్క వరసలో ఆమె టైపు చేయాల్సిన విలువలు. రెండూ సరిపోతే పక్కన ‘వెరిఫైడ్’ అని పడుతుంది. మొదట్లో ప్రతి అంకె మళ్లీ టైపు చేయాల్సి వచ్చేది. ఆలస్యమవుతోందని ఆపరేటర్లు మొత్తుకుంటే, వరసగా ఎంటర్ కొట్టుకుంటూ పోతే పాత విలువే దిగేలా తయారీదారు మార్చాడు. ఆమె చెయ్యి వేగంగా నడుస్తోంది.

బీమ్ రకం దగ్గర ఎక్స్ అని కొట్టింది. ఎక్స్ అంటే ఎక్స్‌రే. ఇవ్వాల్సింది ఎలక్ట్రాన్, అంటే ‘ఇ’ కొట్టాలి. రోజూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఎక్స్‌రేనే, వేలికి అదే అలవాటు. కింది వరసలు నింపేశాక చూసుకుంది. పై బాణం కీ నొక్కి కర్సర్‌ని పైకి తెచ్చింది, ఎక్స్ తీసి ఇ పెట్టింది, టకటకా ఎంటర్లు కొట్టి మళ్లీ అడుగు వరసకి దిగింది. అన్నిటి పక్కనా ‘వెరిఫైడ్’. కింద ‘బీమ్ రెడీ’. ఆమె బి కీ నొక్కింది.

యంత్రం ఆగిపోయింది. తెర మీద రెండు ముక్కలు పడ్డాయి.

‘మాల్‌ఫంక్షన్ 54.’ ‘ట్రీట్‌మెంట్ పాజ్.’

పి కీ

కాలాన్ని ఇక్కడ కాసేపు ఆపి, తెరని ఆమె కళ్లతో చదవండి.

మాల్‌ఫంక్షన్ అంటే ఏదో లోపం. 54 అంటే? యంత్రం పక్కన అతికించిన కాగితంలో ‘డోస్ ఇన్‌పుట్ 2’ అని ఉంది, అంతే. ఆపరేటర్ మాన్యువల్లో ఈ నంబర్ల ఊసే లేదు. డోస్ ఇన్‌పుట్ 2 అంటే ఇచ్చిన డోసు మరీ ఎక్కువో మరీ తక్కువో అయిందని అర్థమని, తర్వాతెప్పుడో తయారీ సంస్థ టెక్నీషియన్ సాక్ష్యంలో చెప్పాడు. ఎక్కువ, తక్కువ అనే రెండు వ్యతిరేకమైన సంగతులకి ఒకే నంబరు పెట్టారు. ఒకదాంట్లో రోగికి ఇంకాస్త ఇవ్వాలి, రెండోదాంట్లో పరుగెత్తుకెళ్లి కాపాడాలి. ఏది జరిగిందో తెర చెప్పలేదు.

అదే తెర మీద డోసు లెక్క కూడా ఉంది. యంత్రం సొంత కొలతలో ఇవ్వాల్సినవి 202 యూనిట్లు, ఇచ్చినవి 6. ఎవరు చూసినా ఏమనుకుంటారు? పని మొదలవగానే ఆగిపోయింది, ఇంకా చాలా మిగిలి ఉంది అనుకుంటారు. 

ఆగడంలో కూడా ఈ యంత్రానికి రెండు రకాలు. మొదటిది ‘ట్రీట్‌మెంట్ సస్పెండ్’. అది పడితే యంత్రాన్ని మొదటి నుంచీ సర్దుకుని రావాలి. రెండోది ‘ట్రీట్‌మెంట్ పాజ్’. దానికి పి అనే ఒక్క కీ చాలు, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. అలా ఐదుసార్లు ఆగేదాకా ఊరుకుంటుంది. ఇప్పుడు పడింది పాజ్. అంటే పెద్ద విషయం కాదని యంత్రమే చెబుతోంది.

ఇక ఆమె అనుభవం. ఇలాంటి మెసేజ్‌లు రోజూ పడతాయి. డోసు రేటు తగ్గిందని ఒకటి, ఏదో టిల్ట్ అని ఇంకొకటి. కొన్ని రోజుల్లో నలభై దాకా వచ్చేవని వేరే క్లినిక్‌లో పనిచేసే థెరపిస్టు చెప్పారు. వాటిలో చాలావాటికి రోగి భద్రతతో సంబంధమే లేదు. ఈ యంత్రంలో ఇన్ని రక్షణలున్నాయి, ఎక్కువ డోసు పడడం దాదాపు అసాధ్యం అని శిక్షణలోనే చెప్పారు. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడి కేకలాగా, తెర ఏమన్నా పట్టించుకోనక్కర్లేదని ఆ తెరే ఆమెకి అలవాటు చేసింది.

ఆమె స్థానంలో మీరుంటే ఏం చేసేవారో ఆలోచించండి. ఆమె కూడా అదే చేసింది. పి నొక్కింది.

ఇప్పుడు గోడకి అవతల చూడండి. మొదటిసారి బి నొక్కినప్పుడే ఆయనకి వీపు మీద వేడివేడి కాఫీ పోసినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపించింది. యంత్రం నుంచి బుయ్యిమని చప్పుడు వినిపించింది. ఎనిమిదిసార్లు ఎరిగినవాడు కాబట్టి ఇది మామూలు కాదని తెలుసు. సాయం కోసం బల్ల మీంచి లేవబోతున్నాడు. సరిగ్గా అప్పుడే రెండోది తగిలింది, ఈసారి చేతికి. చెయ్యి ఒంటి నుంచి ఊడిపోతున్నట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు. తలుపు దగ్గరికి పోయి దబదబా బాదాడు. ఆమె అదిరిపడి తలుపు తీసింది.

తెర మీద మళ్లీ ‘మాల్‌ఫంక్షన్ 54’.

డాక్టరు వచ్చి చూశాడు. వీపు ఎర్రగా కమిలి ఉంది. కరెంటు షాక్ అనుకున్నారు. ఆయన్ని ఇంటికి పంపారు. ఆసుపత్రి ఫిజిసిస్ట్ యంత్రం కొలతలు సరిచూశాడు, అన్నీ సరిగానే ఉన్నాయి. 54 అంటే ఏమిటో ఆయనకీ తెలియదు. ఆ రోజు మిగతా రోగులకి అదే యంత్రంతో చికిత్స సాగింది.

180 రాడ్లు పడాల్సిన ఆ మనిషి మీద, సుమారు ఒక సెంటీమీటరు మేర చోట, ఒక్క సెకనులోపే 16,500 నుంచి 25,000 రాడ్లు పడ్డాయని తర్వాత అంచనా వేశారు. ఐదు నెలలకి ఆయన చనిపోయాడు.

ఎనిమిది నెలల ముందు, హామిల్టన్

ఇప్పుడు ఉత్తరానికి, కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి రండి. 1985 జులై 26, హామిల్టన్ పట్టణంలోని క్యాన్సర్ ఆసుపత్రి. ఇదే థెరాక్-25. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి 24వ విడత చికిత్సకి ఒక మహిళ వచ్చింది. బీమ్ మొదలైన ఐదు సెకన్లకే యంత్రం ఆగింది. తెర మీద ‘హెచ్-టిల్ట్’, దాని పక్కన ‘నో డోస్’, కింద ‘ట్రీట్‌మెంట్ పాజ్’.

డోసు పడలేదని తెరే చెబుతోంది కదా. ఆపరేటర్ పి నొక్కారు. మళ్లీ ఆగింది. మళ్లీ పి. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి ఆగాక యంత్రం పూర్తిగా సస్పెండ్ అయింది. ఆసుపత్రి టెక్నీషియన్ వచ్చి చూసి, లోపమేమీ కనిపించలేదన్నాడు. ఆ మహిళ మాత్రం మంటగా ఉందని చెప్పింది. ఆమె మీద 13,000 నుంచి 17,000 రాడ్లు పడి ఉంటాయని అంచనా. నవంబరులో ఆమె క్యాన్సర్‌తోనే చనిపోయింది. బతికి ఉంటే రేడియేషన్‌కి పాడైన తుంటి కీలు పూర్తిగా మార్చాల్సి వచ్చేదని పోస్ట్‌మార్టంలో తేలింది.

టైలర్‌లో తెర ‘6 యూనిట్లు’ అంది. ఇక్కడ ‘అసలు పడలేదు’ అంది. యంత్రం దురుద్దేశంతో అబద్ధమాడదు. టైలర్‌లో డోసు కొలిచే పరికరాలు అంత రేడియేషన్‌ని తట్టుకోలేక వాటి హద్దు దాటిపోయాయి. హద్దు దాటిన పరికరం చెప్పే అంకెకి విలువ లేదు. ‘నాకు తెలియడం లేదు’ అని ఒప్పుకోవాల్సిన చోట ప్రోగ్రాం ఒక అంకె చూపించి ఊరుకుంది. తప్పు మెసేజ్‌లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. అర్థం కాని మెసేజ్ మనిషిని గందరగోళంలో పడేస్తుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే మెసేజ్ మనిషిని ధీమాగా తప్పు దారిలో నడిపిస్తుంది.

ఎనిమిది సెకన్లు

తిరిగి టైలర్‌కి. తయారీ సంస్థ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ నుంచి ఇంజనీర్లు వచ్చారు. రోజంతా పరీక్షలు చేశారు. మాల్‌ఫంక్షన్ 54 ఒక్కసారీ రాలేదు. ఈ యంత్రంతో ఎక్కువ డోసు పడడం సాధ్యం కాదన్నారు. ఇలాంటివి ఇంకెక్కడైనా జరిగాయా అని ఫిజిసిస్ట్ అడిగితే, తమకి తెలిసి లేవన్నారు. కరెంటు లోపమేమోనని వేరే సంస్థతో పరీక్ష చేయించారు. అదీ లేదు. ఏప్రిల్ 7న యంత్రం మళ్లీ పనిలోకి వచ్చింది.

ఏప్రిల్ 11, మళ్లీ శుక్రవారం, అదే ఆపరేటర్. ముఖం పక్కన చర్మ క్యాన్సర్ ఉన్న రోగి. ఆమె విలువలు టైపు చేసింది, ఎక్స్ పడిందని చూసుకుంది, పై బాణంతో పైకి పోయి ఇ గా మార్చింది, ఎంటర్లు కొట్టింది, బి నొక్కింది. యంత్రం పెద్దగా చప్పుడు చేసి ఆగిపోయింది. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’. ఈసారి ఇంటర్‌కామ్ పనిచేస్తోంది. లోపలి మనిషి మూలుగు వినిపించింది. ఈసారి ఆమె లోపలికి పరుగెత్తింది. ముఖానికి ఏదో తగిలిందని, వెలుగు మెరిసిందని, గుడ్లు వేయిస్తున్నట్టు చిటపట వినిపించిందని ఆయన చెప్పాడు. మే 1న చనిపోయాడు.

ఫిజిసిస్ట్ వెంటనే యంత్రాన్ని ఆపించాడు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో ఒక్కొక్కటే గుర్తు చేయించాడు. అదే వరసలో మళ్లీ మళ్లీ చేసి చూశారు. చివరికి కిటుకు దొరికింది. అసలు సంగతి వేగంలో ఉంది. మెల్లగా సవరిస్తే ఏమీ కాదు. చెయ్యి తిరిగిన ఆపరేటర్ వేగంతో సవరిస్తే 54 వస్తుంది. ఇంజనీర్లకి రోజంతా దొరకనిది, రోజూ అదే పని చేసే మనిషి చేతిలో దొరికింది.

లోపల జరిగింది ఇది. థెరాక్-25 ఎలక్ట్రాన్లూ ఇవ్వగలదు, ఎక్స్‌రేలూ ఇవ్వగలదు. ఎక్స్‌రే కావాలంటే ఎలక్ట్రాన్ కిరణాన్ని దాదాపు వంద రెట్లు బలంగా లోహపు లక్ష్యానికి కొట్టాలి. మధ్యలో ఆ లోహం, దాని కింద ఫిల్టరు ఉంటాయి కాబట్టి రోగికి చేరేది తగినంతే. ఏ పని కావాలంటే ఆ పరికరాన్ని కిరణం దారిలోకి తేవడానికి ఒక తిరిగే పళ్లెం ఉంది. ఎక్స్ అని కొట్టగానే ప్రోగ్రాం మ్యాగ్నెట్లని సర్దడం మొదలెడుతుంది, దానికి దాదాపు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపే సవరణ ముగించి కర్సర్ అడుగుకి దిగిపోతే, ఆ మార్పు ప్రోగ్రాంలో ఒక భాగానికి చేరుతుంది, ఇంకో భాగానికి చేరదు. కిరణం ఎక్స్‌రే బలంతో ఉంది, దారిలో లోహం లేదు. తెర మీద మాత్రం ‘ఇ’, పక్కన ‘వెరిఫైడ్’.

దీనికి ముందు తరం యంత్రం థెరాక్-20లోనూ ఇదే లోపం ఉంది. అందులో ప్రోగ్రాంతో సంబంధం లేకుండా పనిచేసే విడి రక్షణ పరికరాలు ఉండడంతో ఫ్యూజులు కాలాయి తప్ప మనుషులకి ఏమీ కాలేదు. కొత్త యంత్రంలో ఆ పరికరాలు తీసేసి, భారమంతా ప్రోగ్రాం మీద పెట్టారు. అసలు నేరం అక్కడుంది. దాన్ని మెసేజ్ మీదికి నెట్టేయకూడదు. 

కానీ ఇంకో ఊరు కూడా చూడండి. 1987 జనవరి 17, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా. ఈసారి బగ్ పూర్తిగా వేరు. ప్రోగ్రాంలో ఒక లెక్క 256వసారికి సున్నాకి తిరిగి, ఒక తనిఖీని దాటవేసింది. బి నొక్కారు, కొన్ని సెకన్లకి యంత్రం ఆగింది, పాజ్ అంది. ఆపరేటర్ పి నొక్కారు. తెర మీద మొత్తం 7 రాడ్లే కనిపించాయి, అవి కూడా అంతకుముందు గురి సరిచూసుకునే ఫిల్ముల కోసం ఇచ్చినవి. ఏప్రిల్‌లో ఆ రోగి చనిపోయాడు.

మూడు ఊళ్లు, రెండు దేశాలు, వేరు వేరు లోపాలు. అన్నిచోట్లా చివరికి నొక్కింది పి. రేపు ఏ బగ్ వస్తుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏ బగ్ వచ్చినా మనిషి చెయ్యి ఎటు పోతుందో మాత్రం మెసేజ్ రాసేవాడు ముందే నిర్ణయిస్తాడు.

54 ఎవరి నంబరు?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దర్యాప్తులో ఒక చిన్న సంగతి బయటపడింది. మాల్‌ఫంక్షన్ నంబర్లు 1 నుంచి 64 దాకా ఉన్నాయి. ఆ నంబర్లు ఎక్కడివి? కంప్యూటర్‌లోకి సంకేతాలు తెచ్చే ఛానళ్ల నంబర్లు. ఫలానా ఛానల్లో తేడా వచ్చింది, ఆ ఛానల్ నంబరు తెర మీదికి పంపు, అంతే. ఆపరేటర్ మాన్యువల్లో వాటి ప్రస్తావన లేదు. మరమ్మతు మాన్యువల్లో జాబితా ఉంది కానీ వివరణ లేదు. ఈ లోపాలు రోగికి ప్రమాదం తేవచ్చన్న సూచన ఎక్కడా లేదు.

అంటే మాల్‌ఫంక్షన్ 54 ఆపరేటర్ కోసం రాసింది కానే కాదు. ఆ ఛానల్‌కి తీగ కలిపిన ఇంజనీరుకి మాత్రమే అర్థమయ్యే మాట. ఆ ఇంజనీరు ఆ గదిలో లేడు. కీ మీద వేలు పెట్టుకున్న మనిషి ఉంది.

అప్పటికి ఎవరికీ తెలియక ఇలా జరిగిందని కూడా అనలేం. అప్పటికే వాడుకలో ఉన్న ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మెసేజ్ పుస్తకాలు తిరగేయండి. ప్రతి కోడ్ కింద ఒకే వరసలో అంశాలు ఉంటాయి: దీని అర్థం ఏమిటి, ఇప్పుడు సిస్టమ్ ఏం చేస్తోంది, ఆపరేటర్ ఏం చేయాలి, ప్రోగ్రామర్ ఏం చేయాలి. టైలర్ ఘటనకి నాలుగేళ్ల ముందే, 1982లో, కంప్యూటర్ మెసేజ్‌లు ఎలా రాయాలో బెన్ ష్నైడర్‌మన్ అనే శాస్త్రవేత్త ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ద ఏసీఎం’ పత్రికలో రాశారు. జీతాల లెక్కలు వేసే కంప్యూటర్‌కి ఉన్న పాటి మర్యాద రేడియేషన్ యంత్రానికి దక్కలేదు.

ఏప్రిల్ ఘటన తర్వాత తయారీ సంస్థ ఆసుపత్రులకి ఒక ఉత్తరం పంపింది. పై బాణం కీ మీది టోపీ పీకేసి, లోపలి స్విచ్ పనిచేయకుండా ఎలక్ట్రికల్ టేప్ అతికించమని చెప్పింది. మే 2న ఎఫ్‌డీఏ ఆ యంత్రాన్ని లోపభూయిష్టమని ప్రకటిస్తూ, ఆ ఉత్తరాన్ని కూడా తప్పుబట్టింది. లోపం ఏమిటో, దానివల్ల ప్రమాదం ఏమిటో అందులో లేదు, విషయం ఎంత తీవ్రమో ఆ మాటల తీరులో కనిపించడం లేదు అంది. మళ్లీ అదే జబ్బు. ఈసారి తెర మీద కాకుండా కాగితం మీద.

చివరికి ఆమోదం పొందిన మార్పుల్లో విడి రక్షణ సర్క్యూట్‌తో పాటు, అర్థం కాని నంబర్ల స్థానంలో అర్థమయ్యే మెసేజ్‌లు పెట్టాలన్నది కూడా చేరింది.

ఇప్పుడు మీరు రాయండి

ఆపరేటర్ వెనక నుంచి వచ్చి, ప్రోగ్రామర్ కుర్చీలో కూర్చోండి. పీడీపీ-11 కంప్యూటర్, అసెంబ్లీ భాష. డోసు ఛానల్లో తేడా వచ్చింది. మెసేజ్ మీరే రాయాలి.

మొదట, ఈ క్షణంలో ప్రోగ్రాంకి నిజంగా ఏం తెలుసు? డోసు అనుకున్నట్టు లేదని తెలుసు. ఎక్కువో తక్కువో తెలియదు. ఆ తెలియకపోవడాన్నే ముందు చెప్పండి. తర్వాత, చదివే మనిషికి అన్నిటికన్నా ముందు ఏం కావాలి? లోపలి మనిషి క్షేమమా కాదా. ఆ తర్వాత, తన చేత్తో ఏం చేయాలి. అన్నిటికీ చివర, ఇంజనీరుకి ఫోనులో చెప్పడానికి ఒక కోడ్. ఇలా వస్తుంది:

‘డోసు కొలత నమ్మదగినట్టు లేదు. రోగికి ఎక్కువ రేడియేషన్ పడి ఉండవచ్చు. మళ్లీ బీమ్ ఇవ్వకండి. లోపలికి వెళ్లి రోగిని చూడండి. ఫిజిసిస్ట్‌ని పిలవండి. కోడ్ 54.’

పాత మెసేజ్ కన్నా ఐదు వాక్యాలు ఎక్కువ. ఇందులో పెద్ద సాంకేతిక విద్య ఏమీ లేదు. ఎవరు చదువుతారో ఊహించుకుంటే చాలు.

మాట మార్చి కీ మార్చకపోతే లాభం లేదు. ‘మళ్లీ ఇవ్వకండి’ అని రాసి, పి కీ పనిచేసేలా వదిలేస్తే అలవాటుపడిన వేలు దాని మీదికే పోతుంది. మెసేజ్ ఏది వద్దంటుందో, బటన్ కూడా దాన్ని ఒప్పుకోకూడదు.

ఇక మిగతా 63 మెసేజ్‌లు. వాటిని విడివిడిగా బాగుచేస్తే సరిపోదు, అన్నీ కలిసి ఒక పద్ధతిలో ఉండాలి. డోసు రేటు కాస్త తగ్గడం, డోసు లెక్క తప్పడం రెండూ ‘మాల్‌ఫంక్షన్’ అనే ఒకే ముసుగు వేసుకుని, ఒకే పాజ్‌తో, ఒకే కీతో వస్తే మనిషికి తేడా తెలియదు. చిన్నవాటికి చిన్న గొంతు, పెద్దవాటికి పెద్ద గొంతు ఉండాలి. ప్రాణం మీదికి వచ్చేదాని రూపం ఇంకెక్కడా వాడకూడదు. ఒక సంగతిని ఒకచోట డోసు అని, ఇంకోచోట ఇన్‌పుట్ అని, మూడోచోట ఛానల్ అని పిలవకూడదు. తెర మీది పేరు, మాన్యువల్లోని పేరు, బటన్ మీది పేరు ఒకటే కావాలి. వరస కూడా మారకూడదు: ఏం జరిగింది, దానివల్ల ఎవరికేమైంది, ఇప్పుడేం చేయాలి, చివర కోడ్. నాలుగు మెసేజ్‌లు చదివిన మనిషికి ఐదోది చదవకముందే ఎక్కడ ఏముంటుందో తెలియాలి. రోజుకి నలభైసార్లు వచ్చే మెసేజ్‌ని ఎంత అందంగా రాసినా వృథా. అది మెసేజ్‌తో తీరేది కాదు, యంత్రాన్ని బాగుచేస్తే తీరేది.

ఇదంతా రేడియేషన్ యంత్రాల గొడవ, మనకెందుకు అనుకోకండి. వీధి చివర కిరాణా కొట్టు ముందు నిలబడండి. క్యూఆర్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు, చక్రం తిరుగుతోంది. ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అని తెర చెబుతుంది. కొట్టులోని స్పీకర్ పెట్టె పలకలేదు. మీ ఖాతాలోంచి డబ్బు పోయిందా, లేదా? వెనక జనం నిలబడ్డారు. మళ్లీ ప్రయత్నించమని యాప్ చెబుతోంది కాబట్టి మళ్లీ కొడతారు. రెండుసార్లు కట్ అవుతుంది.

ఆ మెసేజ్ రాసినవాళ్లు కూడా ఎక్కువ, తక్కువలని ఒకే నంబరు కింద పెట్టారు. డబ్బు కదలకపోతే ‘మీ ఖాతా నుంచి డబ్బు పోలేదు, మళ్లీ కట్టవచ్చు’ అనాలి. కదిలిందో లేదో తెలియకపోతే ‘ఇంకా తేలలేదు, ఇప్పుడే మళ్లీ కట్టకండి’ అనాలి. చెప్పడానికి సమాచారం లేదా అంటే ఉంది. ఖాతాలో కట్ అయి దుకాణదారుకి చేరినట్టు ఖరారు కాని యూపీఐ చెల్లింపు ఐదు రోజుల్లోగా తనంతట తానే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే గడువు పెట్టింది. ఆ ఒక్క ముక్క తెర మీద ఉంటే, కస్టమర్ కేర్‌కి పోయే ఫోన్లు ఎన్ని తగ్గుతాయో ఊహించండి.

హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లలో కూర్చుని ఇలాంటి తెరల వెనకాల ప్రోగ్రాం రాసేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లకో మాట. పని జరిగినప్పుడు ఏం కనిపించాలో నిర్ణయించడానికి డిజైనర్లు, మేనేజర్లు, మీటింగులు ఉంటాయి. పని చెడినప్పుడు ఏం కనిపించాలన్నది మాత్రం చాలాచోట్ల సాయంత్రం ఇంటికి పోయే తొందరలో ఒక్కరే, కోడ్ మధ్యలో కొటేషన్లలో టైపు చేసేస్తారు. దాన్ని ఇంకొకరు చదివి చూడడం కూడా ఉండదు. అలా చేయకండి. మీ ప్రోగ్రాంలోని ఎర్రర్ మెసేజ్‌లన్నీ ఏరి ఒక్కచోట పెట్టండి. ఆ కోడ్ ఎప్పుడూ చూడని మనిషికి ఇచ్చి, ఇది పడితే నువ్వు ఏ బటన్ నొక్కుతావని అడగండి. ఆ మనిషి చెప్పిన బటన్, మీరు నొక్కాలనుకున్న బటన్ ఒకటి కాకపోతే, మెసేజ్ తప్పు. చదివినవాళ్లది కాదు.